తోతాపురి దుంగ నుంచి కానుక గిన్నె దాకా: లేత్ మీద తరిమెన పట్టే పని

శ్రావణంలో గృహప్రవేశానికో, వరలక్ష్మీ వ్రతం వాయనానికో చెక్క గిన్నె ఇవ్వాలనుకుంటే సంక్రాంతి దాటిన వారంలోనే దుంగ తెచ్చుకోవాలి. చెక్కను గిర్రున తిప్పుతూ ఉలితో కోసే లేత్ మీద పని అంతా కలిపినా ఒక రోజుకు మించదు. మిగిలిన ఆరు నెలలూ చెక్క ఆరడానికే పోతాయి. ఆ ఆరు నెలలను మిగుల్చుకోవాలని చూస్తే గిన్నె చేసిన రోజున చక్కగానే ఉంటుంది. తీసుకున్నవాళ్ల ఇంట్లో ఏసీ గదిలో పెట్టిన పదిరోజులకు అంచు దగ్గర నెర్రె విడుస్తుంది. కానుక అలా పగిలితే ఇచ్చినవాళ్లకూ బాధ, పుచ్చుకున్నవాళ్లకూ బాధ. అందుకే ఇక్కడ ఉలి కంటే ముందు చెక్క సంగతి, అదీ కాస్త ఎక్కువగా చెబుతున్నాం.

చేయబోయే గిన్నె కొలతలు: పూర్తయ్యాక 8 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు, గోడ మందం 8 మిల్లీమీటర్లు. వక్కాకు, రెండు అరటిపండ్లు, పసుపు కుంకుమ పొట్లాలు పెట్టి ఇవ్వడానికి సరిపోతుంది. తర్వాత పండ్లకో, జీడిపప్పుకో, మిక్చర్‌కో పనికొస్తుంది.

ఏ చెక్క

చిత్తూరు వైపు ఉన్నవాళ్లకు మామిడి కంటే మంచి మొదటి చెక్క లేదు. కాపు తగ్గిన ముసలి తోతాపురి చెట్లు కొట్టేస్తుంటారు. ఆ దుంగలు కోత మిల్లులకు, ప్యాకింగ్ పెట్టెలకు, పొయ్యిలోకి పోతుంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు మామిడి ఉలికి మెత్తగా లొంగుతుంది. లేత గోధుమ రంగు మీద అక్కడక్కడా పసుపు, బూడిద చారలు వస్తాయి. కొట్టిన తర్వాత తేమలో కొన్నాళ్లు పడున్న దుంగలో బూజు పాకి నీలి, నల్ల గీతలు గీసినట్టు ఏర్పడతాయి. మిల్లువాళ్లకు అది చెడిపోయిన చెక్క, గిన్నె చేసేవాళ్లకు అదే అందం. గోటితో గుచ్చితే దిగబడనంత గట్టిగా ఉంటే తీసుకోండి, స్పాంజిలా నొక్కుకుపోతే వదిలేయండి.

పనస దొరికితే వదలొద్దు. వీణలు చేసే చెక్క అదే. కోసినప్పుడు పచ్చపసుపు రంగులో ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగుకు, ఆపైన ముదురు గోధుమకు తిరుగుతుంది. చింత చేవ నల్లగా, బరువుగా, చాలా అందంగా ఉంటుంది కానీ పీచు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటుంది, ఉలి పదును గబగబా పోతుంది. అది రెండో ఏడాది పని. రోడ్ల పక్కన ఉండే నిద్రగన్నేరు తేలిగ్గా దొరుకుతుంది, ఆరేటప్పుడు పెద్దగా వంకర పోదు. పేరు చూసి దీన్ని గన్నేరుతో కలపకండి. పూజకు పూలు కోసే గన్నేరు విషపు చెట్టు, దాని చెక్క తినే పాత్రకు పనికిరాదు. వేప పొడికి తుమ్ములు పట్టుకుంటాయి, చేదు వాసన చాన్నాళ్లు పోదు. పండ్లకు తప్ప వేప గిన్నె వద్దు.

తిరుపతిలో ఉన్నవాళ్లకు ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఎర్రచందనం ముక్క "చిన్నదే కదా" అని ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. శేషాచలం కొండలు, వాటి చుట్టుపక్కల తప్ప ఆ చెట్టు సహజంగా పెరిగే చోటు ప్రపంచంలో దాదాపు లేదు. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో కూడా ఉంది. అటవీ శాఖ కాగితాలు లేకుండా ఇంట్లో ఉంచుకున్నా కేసే. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్కే బొమ్మలు చూసి అదే చెక్కతో గిన్నె చేయాలనిపించవచ్చు. ముందు కాగితాలు, తర్వాతే చెక్క. సొంత తోటలో ఏ చెట్టు కొట్టించాలన్నా, దుంగ బండికెక్కించాలన్నా దగ్గర్లోని అటవీ రేంజి కార్యాలయంలో ఒక మాట అడగండి.

దుంగ కోయడం

దుంగ అడ్డం 12 అంగుళాలు, పొడవు 13 అంగుళాలు ఉండాలి. గిన్నెకు 9 చాలు. కానీ దుంగ రెండు కొసల్లోనూ అప్పటికే వెంట్రుకవాసి పగుళ్లు ఉంటాయి, ఒక్కో కొసన అంగుళంన్నర తీసేయాల్సిందే. తీసిన తర్వాత ఆ కోసిన ముక్కను చేత్తో విరిచి చూడండి. పగులు వెంట సులువుగా విరిగితే దుంగలో పగులు ఇంకా లోపలికి ఉన్నట్టే, మరో అర అంగుళం కోయండి.

అడ్డకోత ముఖంలో నడిమధ్యన చుక్కలా కనిపించేది దవ్వ. దాని చుట్టూ వలయాలుంటాయి. దవ్వ గిన్నెలో ఉండిపోతే ఆ గిన్నె పగలకుండా ఉండదు, ఎందుకంటే చెక్క ఆరేటప్పుడు వలయాల వెంబడి కుంచించుకునేది, దవ్వ నుంచి బెరడు వైపు కుంచించుకునేదానికి దాదాపు రెండింతలు. పొడుగుపాటున మాత్రం కుంచించుకుపోవడం లేనట్టే. దవ్వ చుట్టూ ఈ లాగుడు విడుదల కావడానికి దారి లేదు కాబట్టి అక్కడ నెర్రె పడుతుంది. అందుకే దుంగను దవ్వ మీదుగా నిలువునా రెండుగా చీల్పించి, ఒక్కో సగంలో దవ్వ వైపు అర అంగుళం పలక తీసేయించండి. ఒక దుంగకు రెండు గిన్నెలు. దవ్వ వైపు చదును ముఖం గిన్నె నోరు అవుతుంది, బెరడు వైపు గిన్నె అడుగు అవుతుంది.

మిల్లువాళ్లకు "గుండ్రంగా కోయండి" అంటే సరిపోదు. చదును ముఖం మీద 9 అంగుళాల అట్ట బిళ్ల పెట్టి మేకుతో కొట్టి, దాని చుట్టూ బ్యాండ్‌సా తిప్పమనండి. మందం 95 మిల్లీమీటర్లు. బెరడు ముందే మచ్చుకత్తితో చెక్కేయండి. దుంగను నేల మీద ఈడ్చినప్పుడు అందులో ఇరుక్కున్న ఇసుక ఉలి పదునును నిమిషంలో తినేస్తుంది.

కోసిన రోజే లేత్ ఎక్కించలేకపోతే పీచు కొసలు తేలిన రెండు పక్కలకూ కరిగించిన కొవ్వొత్తి మైనం దట్టంగా పూసి, నీడలో తడి గోనెసంచి కప్పి ఉంచండి. తిరుపతి ఎండాకాలంలో మైనం పూయని మామిడి ముక్క రెండు రోజుల్లో నెర్రెలిస్తుంది.

లేత్, ఉలులు

మంచం కోళ్లు, మెట్ల కమ్మీలు తరిమెన పట్టే లేత్ అన్ని ఊళ్లలోనూ ఉంటుంది. ఆ పనిలో చెక్క పీచు లేత్ పొడవునా పడుకుని ఉంటుంది. గిన్నెలో పీచు అడ్డంగా ఉంటుంది, ఒక్కో చుట్టుకు రెండుసార్లు ఉలి పీచు కొసలను ఢీకొంటుంది. ఉలులు వేరు, పట్టు వేరు, వేగం వేరు అవడానికి కారణం ఇదే. కోళ్ల పనిలో వాడే వెడల్పాటి గాడి ఉలిని, అంటే రఫింగ్ గౌజ్‌ను గిన్నె మీద పెట్టవద్దు. దాని కాడ పిడిలోకి వెళ్లేచోట సన్నగా ఉంటుంది, అడ్డపీచు కొట్టే దెబ్బకు అక్కడ విరిగి ముక్క ముఖం మీదకు వస్తుంది. ఈ పనిలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే.

కావలసినవి: కనీసం 10 అంగుళాల అడ్డం పట్టే లేత్, 1 హార్స్‌పవర్ మోటారు, వేగం తగ్గించుకునే వీలు. ఇరుసుకు బిగించే 4 అంగుళాల లోహపు బిళ్ల, అంటే ఫేస్‌ప్లేట్. గిన్నె అడుగును బిగించి పట్టే నాలుగు దవడల చక్, 50 మిల్లీమీటర్ల దవడలతో. అర అంగుళం బౌల్ గౌజ్, అంటే హైస్పీడ్ స్టీల్‌తో చేసిన లోతు గాడి ఉలి, గుండ్రటి ముక్కుతో ఉన్న ఒక దిట్టమైన స్క్రేపర్, అంటే గీకుడు ఉలి. గౌజ్, చక్ మామూలు హార్డ్‌వేర్ కొట్లలో దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. చక్ కొనేముందు లేత్ ఇరుసు మరను కొలుచుకోండి, మర కలవకపోతే చక్ ఊరికే పడుంటుంది. లేత్ తేలికది అయితే బల్లకు బోల్టులు బిగించి, కింది పలక మీద రెండు ఇసుక మూటలు పెట్టండి.

గౌజ్ వాలుముఖం, అంటే అంచు వెనక ఏటవాలుగా అరగదీసిన భాగం, 50 డిగ్రీల దగ్గర ఉంటే మొదలుపెట్టేవాళ్లకు అన్నిచోట్లా పనిచేస్తుంది. 80 గ్రిట్ (గరుకుదనం అంకె, పెరిగేకొద్దీ నునుపు) తెల్ల రాయి మీద, నొక్కకుండా, ఆనించీ ఆనించనట్టు తిప్పుతూ పట్టండి. గోరు మీద అంచు పెట్టి తోస్తే జారకుండా పట్టుకోవాలి, అదీ పదును. పది నిమిషాల పనికొకసారి రాయి దగ్గరకు వెళ్లాల్సి వచ్చినా విసుగు పడకండి.

ఒంటి మీద వదులుగా వేలాడేది ఏదీ ఉండకూడదు. చున్నీ, కొంగు, జడ, పొడుగు చేతుల చొక్కా, మెడలో గొలుసు, ఉంగరం, చేతికి కట్టుకున్న గుడి దారం, తోరం అన్నీ ముందే తీసేయండి, లేదా లోపలికి దోపుకోండి. గ్లవ్స్ వేసుకోకండి, తిరిగే చెక్క గ్లవ్‌తో పాటు చేతినీ లాగేస్తుంది. ముఖం మొత్తం కప్పే షీల్డ్ తప్పనిసరి. మామిడి సొన పడితే చర్మం పొక్కేవాళ్లు ఈ చెక్క పొడితో మరీ జాగ్రత్తగా ఉండాలి. జీడిమామిడిదీ దీనిదీ ఒకే కుటుంబం, పచ్చి చెక్క తడి తగిలినా దద్దుర్లు రావచ్చు. మణికట్టు దగ్గర బిగుతుగా ఉండే చొక్కా, ఎన్95 మాస్కు వేసుకోండి.

మొదటి విడత: పచ్చి చెక్క

చదును ముఖం నడిమధ్యన ఫేస్‌ప్లేట్ పెట్టి 6 స్క్రూలు బిగించండి. 10 నంబరు స్క్రూలు, అంగుళంపావు పొడవు. జిప్సం పలకలకు వాడే నల్ల స్క్రూలు పెళుసుగా ఉండి తల తెగిపోతాయి, అవి వద్దు. స్క్రూ చిల్లులు ఎలాగూ గిన్నె తొలిచేటప్పుడు పోతాయి. వెనక నుంచి, లేత్ రెండో కొసన జరిపి బిగించే టెయిల్‌స్టాక్ సెంటర్, అంటే దాని మొన, ఆనించండి. ఉలిని ఆనించే కమ్మీ, అంటే టూల్ రెస్ట్‌ను చెక్కకు వేలెడు దూరంలో పెట్టి, చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూశాకే స్విచ్చి వేయండి. స్విచ్చి వేసేటప్పుడు చెక్కకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడండి.

వేగానికి ఒక లెక్క ఉంది: అడ్డం ఎన్ని అంగుళాలో దాన్ని నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. 9 అంగుళాల ముక్కకు 650 నుంచి 1000 చుట్లు. అది గుండ్రం వచ్చాక మాట. ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు 400, 500 దాటొద్దు. లేత్ ఊగుతుంటే వేగం ఇంకా తగ్గించండి, ఊపు తగ్గేవరకు ఓపిక పట్టండి.

ఉలి పట్టే వరుస ఎప్పుడూ ఒకటే. ముందు ఉలి కాడ టూల్ రెస్ట్‌కు ఆనాలి, తర్వాత వాలుముఖం వెనక భాగం తిరిగే చెక్కను రాసుకోవాలి, అప్పుడు పిడిని రవంత ఎత్తితే అంచు కోతకు వస్తుంది. అంచును నేరుగా చెక్కలోకి పొడిస్తే ఉలి దిగబడి, ఢామ్మని మోగి, గిన్నె చక్ నుంచి ఊడివస్తుంది. సరిగ్గా పట్టినప్పుడు తడి మామిడి మీద సన్నని రిబ్బన్లలాంటి పేళ్లు భుజం మీదుగా ఎగిరిపడతాయి, చప్పుడు 'స్‌స్‌స్' అని ఒకే తీరున ఉంటుంది. పేళ్లు ఆగి పొడి రాలడం మొదలైతే ఉలి కోయడం మానేసి గీకుతోందన్నమాట. పదును పోయింది, లేదా వాలుముఖం ఆనడం లేదు.

బయటి వైపు కోత అడుగు నుంచి అంచు వైపు, అంటే చిన్న చుట్టు నుంచి పెద్ద చుట్టుకు సాగాలి. లోపల దీనికి తిరగేసి, అంచు నుంచి నడుమకు. ఈ రెండు దిక్కుల్లోనూ కోసే ప్రతి పీచు కింద ఇంకో పీచు ఆసరాగా ఉంటుంది. దిక్కు మారిస్తే ఆసరా లేని పీచు పెళ్లగిలి, గిన్నెలో ఎదురెదురుగా రెండు చోట్ల గరుకు మచ్చలు పడతాయి.

బయట గుండ్రం వచ్చాక అడుగున చక్ పట్టుకోవడానికి కూసం, అంటే పొడుచుకొచ్చిన పొట్టి గుండ్రటి దిమ్మ తీయండి: అడ్డం 62 నుంచి 65 మిల్లీమీటర్లు, ఎత్తు 6. కూసం చుట్టూ భుజం చదునుగా ఉండాలి, ఎందుకంటే చక్ దవడల ముఖం ఆ భుజానికి ఆనుకుంటేనే పట్టు నిలుస్తుంది. కూసం కొస చక్ అడుగుకు తగలకూడదు, తగిలితే గిన్నె ఊగుతుంది. కూసం పక్కలు చక్ దవడల వాలుకు తగ్గట్టు మొదలు దగ్గర, అంటే భుజం వైపు, రవంత సన్నగా ఉండాలి.

ఇప్పుడు తిప్పి చక్‌లో బిగించి లోపల తొలవాలి. టెయిల్‌స్టాక్‌లో డ్రిల్ పెట్టి నడుమ 64 మిల్లీమీటర్ల లోతు బెజ్జం వేయండి. మొత్తం 95లో కూసానికి 6, అడుగుకు 25 పోను మిగిలేది అంతే. ఆ బెజ్జం అడుగు కనిపించగానే ఆగాలని గుర్తు. నడుమ నుంచి మొదలుపెట్టి, చిన్న గుంటను ఒక్కో వలయంగా అంచు వైపు పెంచుతూ పోండి. ప్రతి కోతా మాత్రం బయటి నుంచి నడుమకే. ఉలి లోపలికి పెట్టే మొదటి క్షణంలో ఆనడానికి వాలుముఖానికి చోటుండదు, అందుకే అంచు మీద పక్కకు జారి గీత పడుతుంది. అప్పుడు ఉలి గాడి ఆకాశం వైపు కాకుండా గిన్నె నడుమ వైపుకు పూర్తిగా పక్కకు తిరిగి ఉండాలి. పావు అంగుళం లోపలికి దిగి వాలుముఖం ఆనాక గాడిని కొద్దిగా పైకి తెరవండి.

గోడ మందం గిన్నె అడ్డంలో పదో వంతు ఉంచాలి. 9 అంగుళాలకు సుమారు 23 మిల్లీమీటర్లు. అంతకంటే పలుచన చేస్తే ఆరేటప్పుడు అండాకారం తిరిగి, మళ్లీ గుండ్రంగా తీయడానికి చెక్క చాలదు. మరీ మందంగా ఉంచితే లోపలి తేమ బయటికి రాలేక గోడ పగులుతుంది. అడుగు మందమూ, గోడ మందమూ దాదాపు ఒకటే ఉండేలా చూడండి. ఒకచోట మందం, ఇంకోచోట పలుచన ఉంటే ఆ రెండూ కలిసేచోటే నెర్రె.

ఆరబెట్టడం

లేత్ మీద నుంచి దించిన గంటలోపు బయటి వైపు మొత్తానికీ, అంచుకూ మైనం గానీ నీళ్లు కలిపిన తెల్ల ఫెవికాల్ గానీ రెండు పూతలు పూయండి. లోపలి వైపు వదిలేయండి. తేమ లోపలి వైపు నుంచి నెమ్మదిగా పోవాలి. ఆ తర్వాత వంటింటి తూకం మీద పెట్టి బరువు, తేదీ, ఏ చెక్కో పెన్సిల్‌తో గిన్నె మీదే రాయండి.

గిన్నెను నాలుగు పొరల పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి, ఫ్యాను గాలి తగలని చోట, మంచం కిందో గదిలో ఓ మూలనో నేల మీద పెట్టండి. అటక మీద వేడి ఎక్కువ, అక్కడ పెట్టినవే ఎక్కువగా పగులుతాయి. మార్చి నుంచి మే దాకా పేపరు పొరలు రెట్టింపు చేయండి. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన పడుతుంది, ఆ రోజుల్లో తడి పేపరు వారానికోసారి మార్చకపోతే బూజు పడుతుంది. పైపైన పట్టిన తెల్ల బూజును తుడిచేస్తే సరిపోతుంది.

వారానికోసారి తూచి రాసుకోండి. ఈ సైజు మామిడి గిన్నె మొదట 1200 గ్రాముల దగ్గర ఉంటే, ఆరాక 750, 800 దగ్గర నిలబడుతుంది. సంఖ్య ముఖ్యం కాదు, నిలబడడం ముఖ్యం. మూడు వారాలు వరుసగా బరువు మారకపోతే ఆ గిన్నె మీ ఇంటి గాలికి సరిపడా ఆరినట్టు. సాధారణంగా 4 నుంచి 6 నెలలు. కానుక అమెరికాకో, రోజంతా ఏసీ ఆడే ఇంటికో వెళ్లేదైతే ఆఖరి నెల దాన్ని మీ ఏసీ గదిలోనే ఉంచండి, అక్కడి గాలి ఇంకా పొడిగా ఉంటుంది.

నాలుగు గిన్నెలు ఆరబెడితే ఒకటి పగలడం మామూలే. అందుకే ఇవ్వాల్సినవాటి కంటే ఒకటి ఎక్కువ తొలిచి పెట్టుకోండి. లోపలి ముఖం మీద వెంట్రుకవాసి గీతలుంటే పలుచని సూపర్ గ్లూ ఇంకించి నింపవచ్చు. అంచు నుంచి కిందికి గోడ మందమంతా దిగిన పగులున్న గిన్నెను మళ్లీ లేత్ ఎక్కించకండి, తిరుగుతూ రెండుగా విడిపోతుంది. అది పొయ్యిలోకే.

మామిడి తెల్లచెక్కలో పిండిపదార్థం ఎక్కువ కాబట్టి పొడిపురుగు ఇష్టంగా తొలుస్తుంది. గుండుసూది తలంత చిల్లులు, కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు ఉన్నట్టే. పూర్తిగా ఆరిన గిన్నెను ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు ఉంచితే లోపలి పురుగు, గుడ్లు చస్తాయి. తినే గిన్నెకు పురుగుమందు పూయడం తప్పు.

రెండో విడత

ఆరిన గిన్నె పీచు పొడవున ఎక్కువ, అడ్డంగా తక్కువ ఉండి అండాకారంలో కనిపిస్తుంది. కూసం కూడా అంతే, దాన్ని ఉన్నపళంగా చక్‌లో బిగిస్తే రెండు దవడలే పట్టుకుంటాయి. ఫేస్‌ప్లేట్‌కు గుండ్రటి చెక్క బిళ్ల బిగించి, పాత హవాయి చెప్పు రబ్బరు దాని మీద అతికించి, గిన్నెను బోర్లించి, కూసం మీద టెయిల్‌స్టాక్‌తో నొక్కి పట్టండి. నిదానంగా కూసాన్ని 55 మిల్లీమీటర్ల దగ్గరకు గుండ్రం చేయండి. భుజమూ చదును చేయండి. ఇప్పుడు చక్‌లో బిగించవచ్చు.

ముందు బయటి వైపు, తర్వాత అంచు, ఆఖరున లోపల. ఆరిన గోడ ఇంకా రవంత కదులుతుంది, అందుకే లోపల ఒకేసారి అడుగు దాకా పోవద్దు. అంచు నుంచి అంగుళం లోతు వరకు 8 మిల్లీమీటర్ల ఆఖరి మందానికి తెచ్చి, నున్నగా చేసి, దాన్ని ఇక ముట్టుకోకుండా తర్వాతి అంగుళానికి దిగండి. అడుగు పూర్తయ్యాక మళ్లీ అంచు దగ్గరకొచ్చి "ఇంకో పలుచని కోత" అనుకున్నప్పుడే సగం గిన్నెలు పోతాయి. పలుచనైన అంచు వణుకుతూ ఉలిని లాగేసుకుంటుంది.

కంటితో మందం తెలియదు. మందం కొలిచే కాలిపర్ పెట్టి చూడండి, మధ్యమధ్యలో లేత్ ఆపి బొటనవేలు లోపల, చూపుడువేలు బయట పెట్టి అంచు నుంచి అడుగు దాకా జార్చండి. ఎక్కడైనా వేళ్ల మధ్య ఉబ్బు తగిలితే అక్కడే కోత మిగిలింది. గోడ అడుగులోకి మలుపు తిరిగేచోట ఆ ఉబ్బు దాదాపు అందరికీ మిగులుతుంది, ఎందుకంటే అక్కడ వాలుముఖం మడమ గిన్నెకు తగిలి అంచును పైకి లేపేస్తుంది. అక్కడే గుండ్రటి స్క్రేపర్ పనికొస్తుంది. స్క్రేపర్ పిడి ఎత్తుగా, అంచు రవంత కిందికి వాలి ఉండాలి. గిన్నె అడుగున మాత్రమే, పలుచని అంచు మీద స్క్రేపర్ పెట్టకండి. అడుగు 10 మిల్లీమీటర్లు మిగిలితే ఆపండి. అంచు మీద అడ్డంగా స్కేలు పెట్టి, దాని నుంచి పుల్ల దించి లోతు చూడండి.

పీచు లేచిన గరుకు మచ్చలను 80 గ్రిట్ ఉప్పుకాగితంతో రుద్ది పోగొడదామనుకుంటే చుట్టుపక్కల మెత్తటి భాగం అరిగి గుంట పడుతుంది, మచ్చ అలాగే ఉంటుంది. మచ్చ మీద లిక్విడ్ పారాఫిన్ తడిపి, ఉలిని కొత్తగా పదును పట్టి, వెంట్రుకంత కోత నిదానంగా తీయండి. తడిసిన పీచు వంగి నిలబడుతుంది, తెగుతుంది.

నున్నదనం, పూత

120, 180, 240, 320, 400 గ్రిట్ వరుసగా, ఏదీ దాటేయకుండా పట్టండి. వేగం 400 లోపు. కాగితం వేళ్లకు వేడిగా తగిలితే చెక్క కూడా వేడెక్కిందని అర్థం, ఆ వేడికి పీచు కొసల దగ్గర సన్న నెర్రెలు పుడతాయి. ప్రతి గ్రిట్ అయ్యాక లేత్ ఆపి, పీచు వెంబడి చేత్తో నాలుగు పట్లు రుద్దండి, వలయాల గీతలు పోతాయి. 320 అయ్యాక తడిగుడ్డతో తుడిచి గంట ఆరనిస్తే లేచే పీచు లేస్తుంది, అప్పుడు 400.

పూతకు మెడికల్ షాపుల్లో దొరికే లిక్విడ్ పారాఫిన్, శుద్ధమైన తేనెమైనం చాలు. 200 గ్రాముల పారాఫిన్‌కు 50 గ్రాముల మైనం. స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి, నేరుగా మంట మీద పెట్టకండి. చల్లారితే నెయ్యిలా పేరుకుంటుంది. గుడ్డతో దట్టంగా పూసి, రాత్రంతా వదిలి, పొద్దున తుడిచేయండి. మూడు రోజులు మూడు పూతలు. కొబ్బరినూనె, వేరుశనగ నూనె పూయవద్దు. అవి చెక్కలో ఆరిపోయే నూనెలు కావు. వేరుశనగ నూనె కొన్ని వారాలకు జిగురు పట్టి కంపు కొడుతుంది. అవిసె నూనె ఆరుతుంది కానీ హార్డ్‌వేర్ కొట్లో దొరికే కాచిన రకంలో లోహపు రసాయనాలు కలిపి ఉంటాయి. అది వాడిన గుడ్డను ముద్దగా చుట్టి పడేస్తే తనంతట తానే మంట అంటుకోవచ్చు, నీళ్లలో తడిపి ఆరుబయట పరచండి.

తినడానికి కాక కుంకుమకో, పూజకో ఇచ్చేదైతే లక్క అందంగా ఉంటుంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు వాడేది లక్కే. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తిరిగే చెక్కకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, ఆపైన ఎండిన మొగలి ఆకుతో నొక్కి మెరుగు పెడతారు. వేడి పదార్థం పోస్తే మాత్రం లక్క మెత్తబడుతుంది.

అడుగు, ఆ తర్వాత

ఆఖరున గిన్నెను మళ్లీ రబ్బరు బిళ్ల మీద బోర్లించి, టెయిల్‌స్టాక్‌తో పట్టి, కూసాన్ని కోసేయండి. నడుమ చిటికెన వేలంత ముక్క మిగిలాక లేత్ ఆపి, ఉలితో చేత్తో తీసేయండి. అడుగు నడుమ 1 మిల్లీమీటరు లోపలికి గుంటగా ఉండాలి. అప్పుడు చుట్టూ ఉన్న అంచు మీద గిన్నె కూర్చుంటుంది. రేపు చెక్క కాస్త కదిలినా బల్ల మీద దొర్లదు. ఆ గుంటలోనే కాలే సూదితో పుచ్చుకునేవాళ్ల పేరు, సంవత్సరం, "మామిడి" అని, చెట్టు ఏ ఊరి తోటదో రాయండి. తాతల నాటి తోట చెట్టయితే ఆ నాలుగు అక్షరాల కోసమే గిన్నెను దాచుకుంటారు.

ప్లాస్టిక్ కవర్‌లో మూసి ఇవ్వకండి, నూలు గుడ్డలో చుట్టండి. విదేశాలకు పంపేదైతే ఎక్కడా బెరడు గానీ పురుగు చిల్లు గానీ ఉండకూడదు. ఆస్ట్రేలియా లాంటి చోట్ల చెక్క వస్తువును కస్టమ్స్‌లో ముందే చెప్పాలి, బెరడు కనిపిస్తే ఆపేస్తారు. గిన్నెతో పాటు ఒక చీటీ పెట్టండి: పొడి పదార్థాలకే, సాంబారు, పెరుగు వద్దు. సింకులో నానబెట్టకండి, తడిగుడ్డతో తుడిచి నిలబెట్టి ఆరనివ్వండి. మైక్రోవేవ్, ఫ్రిజ్ వద్దు. పసుపు నేరుగా వేస్తే మరక పోదు. చెక్క పేలగా, తెల్లబారినట్టు కనిపిస్తే ఈ మైనం పూయండి. మిగిలిన మైనాన్ని చిన్న సీసాలో పెట్టి ఆ చీటీతో పాటే ఇచ్చేయండి.